నాకా ఇంటి రెక్కలు

ఉప్పల్ నుంచి నాచారం పోయే మట్టిబాటలో, సరిగ్గా సగం దారిలో, నాకా ఇల్లని ఒక పాడుబడ్డ కొంప ఉండేది. నైజాం రోజుల్లో సరుకు బండ్లను ఆపి, మూటలు విప్పించి సోదా చేసిన చౌకీ అది. తర్వాత నాకాలు ఎత్తేశారు, సిపాయిలు తలో దిక్కు పోయారు, తలుపులు ఎవరో ఊడబెరుక్కుపోయారు. సోదా మాత్రం ఆగలేదని చుట్టుపక్కల అందరూ చెప్పుకునేవాళ్లు.

దీపాలు పెట్టే వేళ దాటాక ఆ బాటన పోతే — మెడ మీద ఏదో ఆనుతుందట... సన్నగా. తర్వాత చెవి మీద. తర్వాత భుజం మీద... వేళ్లతో తడిమినట్టే ఉంటుందట. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. అప్పుడు మర్యాదగా మూట విప్పి, ఉన్నది చూపించి పోవాలి. చూపించకుండా పరుగెత్తినవాడికి మూడు రోజులు జ్వరం ఖాయం.

తెల్లారి చూస్తే ఆ ఇంటి అరుగు నిండా రెక్కలు. ఉత్త రెక్కలు! గోరంతవి, గోధుమరంగువి, నారింజ మచ్చలవి. ఒళ్లు మాత్రం ఒక్కటీ కనపడదు.

“ఎగిరే పురుగునే సోదా జేసి రెక్కలు గుంజుకున్నోడు, మనల్ని ఇడుస్తడా?” అనేది కృష్ణమ్మ, చాయ్ కొట్టు దగ్గర కూర్చుని. చెరువు కింద వంకాయ తోట పెట్టుకుని బతికే ముసలమ్మ ఆమె. ఆ మాట అనేటప్పుడు గొంతు ఎంత తగ్గించేదంటే, వినేవాళ్లు చాయ్ గ్లాసు కింద పెట్టి ముందుకు వంగేవాళ్లు.

ఇదంతా అరవై నాలుగో అరవై అయిదో సంవత్సరం మాట. నాచారంలో అప్పుడప్పుడే ఫ్యాక్టరీల గోడలు లేస్తున్నాయి.

ఆ నాకా ఇంటిని ఆనుకునే అటవీ శాఖవాళ్లు టేకు తోట వేశారు. దానికి వాచర్ దేవానందం. భువనగిరి అవతలి పల్లె నుంచి భార్య విక్టోరియాను వెంటబెట్టుకుని వచ్చినవాడు. మనిషి ఆరడుగులు, మీసం బెత్తెడు, ధైర్యం మాత్రం... అదే చెప్పబోతున్నాను.

అతనిది టెంపరరీ ఉద్యోగం. అంతకు ముందున్న వాచర్ గండయ్య, నాకా ఇంటి భయంతో రాత్రి గస్తీ ఎగ్గొట్టి దొరికిపోయాడు. రేంజరు త్రిమూర్తులు గారు కారణం అడిగితే, దెయ్యం అన్నాడు పాపం. “దెయ్యానికి జడిసేవాడు అడవికి పనికిరాడు” అని ఆయన ఆ రోజే గండయ్యను ఇంటికి పంపేశారు. ఆ ఏడు పురుగు పడి టేకు ఆకు కొంత పోయింది, ఆ తప్పు కూడా గండయ్య నెత్తినే పడింది.

దేవానందానికి రెండేళ్లు పూర్తవుతున్నాయి. వానాకాలం చివర రేంజరు వచ్చి తోట చూసి, ఆకు పచ్చగా ఉందంటే పర్మనెంట్. లేదంటే పల్లె. పల్లె అంటే మళ్లీ దొర ఇంట్లో జీతం ఉండటం. పదేళ్ల వయసు నుంచి ఆ పని చేసినవాడు అతను. చలికి పశువుల కొట్టంలో గడ్డి కప్పుకుని పడుకున్నవాడు. ఆ బతుకులోకి విక్టోరియాను తీసుకుపోవాలన్న ఆలోచన వస్తే చాలు, అతనికి అన్నం సహించేది కాదు.

అందుకని రోజూ రాత్రి ఎనిమిదింటికి లాంతరు పట్టుకుని గస్తీ తిరిగేవాడు. నాకా ఇంటి దగ్గరకు రాగానే గొంతెత్తి కీర్తన అందుకునేవాడు. ఆ కీర్తన ఎంత గట్టిగా వినపడితే అంత భయపడుతున్నాడని విక్టోరియాకు గుడిసెలో కూర్చునే తెలిసిపోయేది.

“ఆదివారం గుడిల సాక్ష్యం జెప్పెటోనివి, నీకు దెయ్యమేంది?” అని నవ్వేది.

“భయమెవలికి? ఊరికె పాడుతున్న” అనేవాడు దేవానందం, చెమట తుడుచుకుంటూ.

రెండేళ్లు అలా పాడి పాడి గొంతు బొంగురుపోయింది. చివరికి జ్యేష్ఠం వెళ్తుండగా, ఎడ్లబండి తోలే చెన్నయ్య దగ్గర మనసు విప్పాడు. చెన్నయ్యకూ అదే బాట, అదే బాధ. ఇద్దరూ కలిసి ఒక ఉపాయం చేశారు. దేవానందం బైబిలు పట్టుకొస్తాడు. చెన్నయ్య మిరపకాయలూ సాంబ్రాణీ కలిపి పొగ వేస్తాడు. బయటికి చెప్పుకోలేదు గానీ, దేవానందానికి మిరప పొగ మీద గురి, చెన్నయ్యకు బైబిలు మీద గురి.

మంచి వేళ ఏదని చెన్నయ్య ఆలోచించి, పొద్దుగూకి చుక్క పొడిచినాక అన్నాడు. ఆ వేళకే వెళ్లారు. పొగ వేశారు, పాడారు, దగ్గారు, కళ్లు మండి ఏడ్చారు. లోపలి నుంచి చిన్న చప్పుడు కూడా రాలేదు. దెయ్యం లొంగిపోయిందని ఇద్దరికీ నమ్మకం కుదిరింది. గుమ్మాన్నీ కిటికీనీ ఇటుకలూ మట్టీ పెట్టి మూసేశారు. గుమ్మం మీద దేవానందం సుద్దతో సిలువ గీశాడు, కిటికీ మీద చెన్నయ్య పసుపు బొట్లు పెట్టాడు.

మర్నాడు అరుగు మీద రెక్కలు లేవు. ఆ మర్నాడూ లేవు.

“సూసినవా?” అన్నాడు దేవానందం భార్యతో. ఆ వారమంతా కీర్తన లేకుండానే గస్తీ తిరిగాడు.

ఇరవై రోజులు గడిచాయి. తొలి వానలు పడి టేకు చిగురు వేసింది. ఆషాఢంలో ఒక రాత్రి...

ఆకాశంలో మబ్బు తునక లేదు. చుక్కలు బాగా మెరుస్తున్నాయి. లాంతరు ఊపుకుంటూ తోట నడిమికి వచ్చాడు దేవానందం.

చిట... చిట... చిటచిట...

వాన. ఆకుల మీద సన్నగా వాన పడుతున్న చప్పుడు.

తలెత్తి చూశాడు. చుక్కలు. చెయ్యి చాపాడు. చెయ్యి పొడిగానే ఉంది. అరచేతిలో మాత్రం ఏవో నల్లటి పలుకులు రాలుతున్నాయి, గసగసాలంత. చుట్టూ తోటంతా వాన కురుస్తూనే ఉంది... తడి లేని వాన!

గుడిసెకు పోదామని, గబగబా నాకా ఇంటి వైపు బాటకు అడ్డం పడ్డాడు. అప్పుడు తగిలింది — మెడ మీద. సన్నగా.

ఆగిపోయాడు.

చెవి మీద... బుగ్గ మీద... భుజాల మీద... ఒక్క వేలు కాదు, పది వేళ్లు కాదు. ఎన్నో! ఒళ్లంతా తడుముతున్నాయి.

సోదా!

దేవానందం చేతులు వాటంతటవే నడుముకున్న తువాలు మూట విప్పాయి. “జొన్నరొట్టె... ఉల్లిగడ్డ...” అని చీకట్లోకి గుసగుసగా చెప్పాడు. “గింతే సర్కార్... ఇంకేం లేదు...”

జవాబుగా నాకా ఇంటి నుంచి చప్పుడు వచ్చింది.

టక్... టక్...

మూసేసిన కిటికీ దగ్గర తెల్లగా ఏదో కదిలింది. వంగింది. లేచింది. గోడలోంచి ఒక ఇటుక ఊడి కింద పడింది. మళ్లీ టక్... టక్... ఇంకో ఇటుక.

దేవానందం యేసు నామం తలుచుకున్నాడు. ఎందుకైనా మంచిదని మైసమ్మ తల్లిని కూడా తలుచుకున్నాడు. తువాలు మూట ఇంకా విప్పి పట్టుకునే ఉన్నాడు.

ఆ తెల్లటిది అతని వైపు తిరిగింది.

“దేవానందం... గా లాంతరు జర ఇటు వట్టు. ఇటుక గట్టిగున్నది, ఊడొస్తలేదు.”

కృష్ణమ్మ!

ప్రాణం లేచొచ్చింది. “అవ్వా... నువ్వా? గీ రాత్రి గీడ ఏం జేస్తున్నవ్?”

“నన్నెందుకు అడుగుతవ్? గీ కిటికి మూసిన మొగోడెవడో వాన్ని అడుగు.” కృష్ణమ్మ కొంగు దోపి, గడ్డపలుగు పక్కన పెట్టింది. అరుగు మీద ఆమె బుట్ట ఖాళీగా పడి ఉంది. “ఇరవై దినాలాయె, నా గబ్బిలాలు కానొస్తలెవ్వు. వాటి పెంట లేక నా వంకాయ తోట దిక్కులేనిదైంది.”

“గబ్బిలాలా?”

“మరి లోపట ఎవలున్నరనుకున్నవ్? సిపాయా?”

దేవానందం మూసేసిన గుమ్మం మీది తన సుద్ద సిలువ వైపు చూశాడు.

కృష్ణమ్మ అతని చేతిలో లాంతరు లాక్కుని బాట పక్కనున్న టేకు చెట్టు మీదికి ఎత్తింది. దేవానందం చూశాడు. చూసి కొయ్యబారిపోయాడు. ఆకు ఉండాల్సిన చోట ఈనెలు ఉన్నాయి. మిగిలిన ప్రతి ఆకు మీదా నల్లటి పురుగులు, గుత్తులు గుత్తులుగా, ఆబగా తింటున్నాయి. కొమ్మల నుంచి కిందికి సన్నటి దారాలు, ఒక్కో దారానికి ఒక్కో పురుగు. అతని భుజాల నిండా, తలపాగా నిండా అవే దారాలు.

పైనుంచి రాలుతున్న నల్ల పలుకులు ఆ పురుగులు వేస్తున్న రెట్ట. తోటంతా ఒకేసారి తింటుంటే, ఒకేసారి రాలుస్తుంటే, అది వాన చప్పుడు.

“ఏటా కొన్ని ఉంటయ్. గవే దారాలు మొఖానికి తగుల్తయ్, సోదా అని ఉరుకుతరు” అంది ముసలమ్మ. “గిన్నింటిని మాత్రం నేనెన్నడు సూడలే.” కొంగుముడిలోంచి ఒక ఎండిన రెక్క తీసి అతని అరచేతిలో పెట్టింది. నారింజ మచ్చ ఉన్న రెక్క. “గిది గీ పురుగుల తల్లిది. గా తల్లి ఆకు మీద గుడ్లు పెట్టకముందే నా గబ్బిలం పట్టుకొస్తది. గీ దూలానికి యాలాడుకుంట పెయ్యి తిని, రెక్కలు కింద ఇడుస్తది. రాత్రికి ఎన్నో! మీరేమో పొద్దుగూకి అవి మేతకు పోయినంక వచ్చి, ఉత్త ఇంటికి పొగేసి, కిటికి మూసి పోతిరి. తిరిగొచ్చినయ్, ఇల్లు లేదు. మౌలాలి గుట్ట బండల సందులల్లకు పోయినయ్ కావొచ్చు.”

దేవానందం అరుగు మీద కూలబడ్డాడు. తన కంటే ముందు నుంచీ, జీతం లేకుండా, ఒక్క రాత్రి ఎగ్గొట్టకుండా ఈ తోటను కాసినవాళ్లను తనే తరిమేశాడు. పాటలు పాడి మరీ తరిమేశాడు. సిగ్గుతో చెవులు మండిపోయాయి.

“అవ్వా, నా నౌకరి పాయె” అన్నాడు.

“ఇంక పోలే. టేకు మళ్ల చిగురిస్తది. గీ పురుగులు ఇంక నాలుగు దినాలు తిని, ఆకులల్ల చుట్టుకొని పంటయ్. వారానికి రెక్కలొస్తయ్. గప్పటికి నా గబ్బిలాలు ఇంటికొస్తే సరి. రాకుంటే... కొత్త చిగురు గుడ దక్కది.” కృష్ణమ్మ గడ్డపలుగు అతని చేతికిచ్చింది. “ఏడ్సుడు తర్వాత, ముందు ఇటుక తియ్యి.”

ఆ రాత్రే కిటికీ తెరిచారు. తెల్లారి చెన్నయ్యను పిలిచి గుమ్మం తీయించారు. ఎన్నడూ లేనిది, ఆ బాటలో ఇద్దరు మగవాళ్లు బిందెలతో నీళ్లు మోసి దెయ్యాల కొంప గోడలు కడిగారు. మిరప ఘాటు పోయేదాకా కడగాలని ముసలమ్మ హుకుం.

“బండెడు మిరపకాయలు ఎందుకేసినవే బావా?” అన్నాడు దేవానందం.

“నువ్వు పాడిన పాటలకే పోయినయ్, నా పొగకు గాదు” అన్నాడు చెన్నయ్య.

ఇక ఎదురుచూపు. రోజూ పొద్దున లేవగానే మొహం కూడా కడుక్కోకుండా నాకా ఇంటికి పరుగు. అరుగు శుభ్రంగా ఉండేది. మూడో రోజు శుభ్రం. అయిదో రోజు శుభ్రం. తోటలో పురుగులు కిందికి దిగిపోయాయి, రాత్రి వాన ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం దేవానందాన్ని మరీ భయపెట్టింది. ఆకుల కింద అవి రెక్కలు తొడుక్కుంటున్నాయని అతనికి తెలుసు.

“దెయ్యం రాలేదని నిద్ర పోనోన్ని నిన్నే సూస్తున్న” అంది విక్టోరియా. నవ్వడానికే అంది గానీ, ఆ రాత్రి ప్రార్థనలో గబ్బిలాలను కూడా కలిపింది. దేవానందం ఆమెన్ గట్టిగా చెప్పాడు.

తొమ్మిదో రోజు పొద్దున అరుగు మీద రెక్క ఉంది. ఒకటి. దాని పక్కన ఇంకోటి. గుమ్మం దగ్గర నాలుగు. లోపల దూలం కింద గుప్పెడు! పైకి చూశాడు. చీకటి మూలలో బొగ్గు ముద్దలు వేలాడుతున్నట్టు పదీ పన్నెండు. ఒకటి చెవులు కదిపింది.

“వచ్చిన్రా...” అన్నాడు దేవానందం, ఎంతో దూరం నుంచి వచ్చిన చుట్టాలతో మాట్లాడినట్టు. కళ్లు తుడుచుకుని, చప్పుడు చేయకుండా బయటికి నడిచాడు.

నెల తిరిగేసరికి అరుగు మీద చీపురుతో ఊడ్చేంత రెక్కలు. తోటలో కొత్త ఆకు, ఒక్కొక్కటి చేటంత.

భాద్రపదంలో రేంజరు త్రిమూర్తులు గారు జీపులో దిగారు. గోదావరి వైపు మనిషి, కచ్చితమైనవాడు. తోట చివరిదాకా నడిచారు. ఆకులు తిప్పి తిప్పి చూశారు. నీడలో టేబులు వేయించుకుని కాగితం తీశారు. దాని మీద తన పేరుందని దేవానందం తలకిందులుగానే చదువుకున్నాడు.

“ఆకు బావుందయ్యా” అన్నారాయన, పెన్ను తీస్తూ. “ఇంకో సంగతి. సోమవారం మేస్త్రీలు వస్తారు. ఆ నాకా ఇల్లు దులిపించి, సున్నం కొట్టించి, కిటికీకి జాలీ వేయిస్తాను. విత్తనాల గోదాముకు బావుంటుంది.”

దేవానందం ఒక్క అడుగు ముందుకేశాడు. “వద్దు సార్. గా ఇంట్ల గబ్బిలాలున్నయ్. మన టేకు పురుగుల తల్లులను గవే తింటయ్. తోట గిట్ల పచ్చగుందంటే వాటితోనే సార్.”

త్రిమూర్తులు గారు నవ్వారు. “గబ్బిలాలు అడవికి కాపలా కాస్తాయా? ఇదెక్కడి చోద్యం! ఆ ముక్క ఫైల్లో రాశాననుకో, ముందు నన్ను ఇంటికి పంపుతారు.”

“నిజం సార్, నా కండ్లతోని...”

“సోమవారం మేస్త్రీలు వస్తారు” అన్నారాయన. పెన్ను మూత తిప్పుతున్నారు.

దేవానందం ఆ పెన్ను వైపు చూశాడు. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే సంతకం పడుతుంది. జీవితాంతం నిశ్చింత. వచ్చే ఆషాఢంలో మాత్రం ఈ చెట్ల మీద మళ్లీ తడి లేని వాన కురుస్తుంది. తర్వాతి ఆషాఢంలోనూ. ఆ చప్పుడు వింటూ, కారణం తెలిసీ, పర్మనెంటు జీతం తింటూ గస్తీ తిరగాలి...

అది తన వల్ల కాదనిపించింది. విక్టోరియా ముఖం కళ్లముందు మెదిలింది. అయినా, ఆ మాట వింటే మేస్త్రీలైనా జడిసి రారని నోరు తెరిచాడు.

“సార్... ఇంకోటి గుడ ఉన్నది.” అతని గొంతు దానంతటదే తగ్గిపోయింది. “గా ఇంట్ల... దెయ్యమున్నది.”

పెన్ను ఆగింది.

అయిపోయింది అనుకున్నాడు దేవానందం. గండయ్య మీద పడిన మాటే ఇప్పుడు తన మీద పడుతుంది. తల వంచుకుని నిలబడ్డాడు.

ఎంతసేపటికీ పడలేదు.

తలెత్తి చూస్తే రేంజరు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన లేచారు. జీపులో వెంట వచ్చిన బంట్రోతును నీళ్లు తెమ్మని దూరం పంపారు. దేవానందం చెయ్యి పట్టుకుని చెట్టు చాటుకు తీసుకుపోయారు.

“తెల్లచీరేనా?” అన్నారు, వినీ వినపడనట్టు.

“సార్?”

“నిన్న రాత్రి... నువ్వు గస్తీ తిరుగుతున్నావో నిద్రపోతున్నావో చూద్దామని చెప్పకుండా వచ్చానయ్యా. తోట అవతలి చివర నీ లాంతరు కనపడుతూనే ఉంది. బాట మీద జీపు ఆపాను. అదిగో... ఆ గుమ్మంలోంచి... తెల్లచీర. దిగింది. నెత్తిన బుట్ట. జీపు లైట్లలో నిలబడి నా వైపు చూసి... నవ్విందయ్యా! నోట్లో ఒక్క పన్ను లేదు! దులిపి సున్నం కొట్టిస్తే పోతుందిలే అనుకున్నాను.”

దేవానందం నాలుక కొరుక్కున్నాడు. నవ్వొచ్చిందో, ఏడుపొచ్చిందో, కళ్లలో నీళ్లు మాత్రం వచ్చాయి. ఆయన వాటిని ఇంకోలా అర్థం చేసుకున్నారు.

“నువ్వు రెండేళ్లుగా... రోజూ రాత్రి... దాని పక్కన ఒక్కడివే తిరుగుతున్నావా?”

“అవ్ సార్” అన్నాడు దేవానందం. అది పూర్తిగా నిజమే కదా.

త్రిమూర్తులు గారు అతని భుజం తట్టారు. టేబులు దగ్గరకు వచ్చి, నిలబడే, సంతకం చేశారు. గోదాము ఉప్పల్ వైపే కట్టిద్దాం, ఆ ఇంటి జోలికి ఎవరూ పోవద్దు, ఒక్క ఇటుక కూడా కదపొద్దు అని బంట్రోతుకు గట్టిగా చెప్పారు.

జీపు ఎక్కాక కూడా ఆయనకు మనసు ఊరుకోలేదు. కిందికి వంగి అడిగారు.

“ఇంతకీ ఆ బుట్టలో ఏముంటుందయ్యా?”

దేవానందం చేతిలోని కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. ముందుకు వంగి, గొంతు బాగా తగ్గించాడు.

“గదొక్కటి అడగకున్రి సార్... తెలిసినోళ్లు మళ్ల వంకాయ కూర తినలే.”

ఇంకా బారెడు పొద్దుంది. జీపు మాత్రం అప్పుడే ఉప్పల్ మలుపు దాటింది.